ఇంటర్ క్లాసులో ఎథిక్స్ కమిటీని కూర్చోబెట్టడం ఎలా

ఆదోనిలో ఇంటర్ బైపీసీ పిల్లలకు జువాలజీ చెప్తాను. జీన్ ఎడిటింగ్, అంటే కణాల్లోని జీన్లను దిద్దడం అనే మాట ఎత్తితే చాలు, క్లాసు రెండు ముక్కలవుతుంది. ఒక వరుస ‘దేవుడిచ్చిన దాన్ని మార్చే హక్కు మనకెక్కడిది’ అంటుంది, ఇంకో వరుస ‘సైన్సును ఆపడానికి మనమెవరం’ అంటుంది. గంట కొట్టేదాకా అరుచుకుంటారు, ఒక్కరి అభిప్రాయమూ మారదు. నా సలహా: డిబేట్ వద్దే వద్దు. పిల్లల్ని ఎథిక్స్ కమిటీగా, అంటే మనుషుల మీద కొత్త చికిత్సను ప్రయోగించొచ్చో లేదో తేల్చే కమిటీగా కూర్చోబెట్టి, వాళ్ల ముందు ఒక దరఖాస్తు పెట్టి, ఒప్పుకుంటున్నారో లేదో సంతకం చేయమనండి. తన పేరు కింద పడుతుందంటే ఎంత మాటకారి అయినా ఒకసారి ఆగి చదువుతాడు.

కమిటీ ఎలా ఉండాలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లోనే ఉంది. కనీసం ఏడుగురు సభ్యులు. అందులో ఒక మహిళ, చట్టం తెలిసిన ఒకరు, వైద్యంతో సంబంధం లేని ఒక మామూలు మనిషి తప్పనిసరి. సగం మంది ఆ సంస్థకు బయటివాళ్లు కావాలి, ఛైర్‌పర్సన్ కూడా బయటివారే. క్లాసులో అందరికీ డాక్టరు పాత్రే కావాలి. మామూలు మనిషి పాత్రను మాత్రం అందరికన్నా తెలివైన పిల్లకు ఇవ్వండి. ఆమెకు ఒక అధికారం ఉంటుంది: తనకు తెలుగులో అర్థమయ్యేలా చెప్పేదాకా ఫైలు కదలదు. డాక్టర్లయినవాళ్లకు పాఠం ఎంత వచ్చో అప్పుడు బయటపడుతుంది.

ఫైలు తెరిచే ముందు పావుగంట పాఠం చెప్పక తప్పదు. మాది పత్తి యార్డున్న ఊరు, కాబట్టి మొదటి ప్రశ్న ‘బీటీ పత్తి లాంటిదేనా మేడమ్?’ అని వస్తుంది. మంచి ప్రశ్న. 2002లో మన దేశంలో అనుమతి వచ్చిన బీటీ పత్తిలో మట్టిలోని బ్యాక్టీరియా జీన్‌ను బయటి నుంచి తెచ్చి పెట్టారు. జీన్ ఎడిటింగ్‌కు వాడే క్రిస్పర్ పద్ధతిలోనైతే ఉన్న జీన్‌నే, కావాలనుకున్న చోట కత్తిరిస్తారు. డౌడ్నా, షార్పెంటియే అనే శాస్త్రవేత్తలు 2012లో దీన్ని చూపించారు, 2020లో ఇద్దరికీ కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఒక్కోసారి కత్తిరింపు వేరే చోట కూడా పడుతుంది. ఓటరు జాబితాలో ఒకరి పేరు దిద్దబోతే అదే పేరున్న ఇంకొకరి వివరాలు మారిపోయినట్టు.

తర్వాత బోర్డు మీద నిలువు గీత గీయండి. ఎడమ వైపు రక్తకణాల్లాంటివి: మార్పు ఆ మనిషితో ఆగిపోతుంది. కుడి వైపు పిండం: మార్పు వాళ్ల పిల్లలకూ మనవళ్లకూ పోతుంది. పీరియడ్ అయ్యేదాకా ఆ గీత చెరపొద్దు.

మొదటి ఫైలు తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) ఉన్న 19 ఏళ్ల అబ్బాయిది. రక్తం ఎక్కించుకుంటూ బతుకుతున్నాడు. క్యాస్‌జెవీ అనే క్రిస్పర్ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్ అనుమతి ఇచ్చింది. రోగిలో రక్తాన్ని తయారుచేసే మూలకణాలు తీసి, ల్యాబ్‌లో దిద్ది, మళ్లీ అతనికే ఎక్కిస్తారు. పుట్టాక ఆగిపోయే పిండ దశ హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. ఇక్కడిదాకా చెప్తే ఏడు చేతులూ లేస్తాయి. లేవనివ్వండి. దిద్దిన కణాలకు చోటు దొరకాలంటే ఎముకల్లోని పాత మూలుగును కీమో మందుతో ఖాళీ చేయాలనీ, దానివల్ల పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చనీ ఆ తర్వాత చెప్పండి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లని కూడా చెప్పండి. రెండు మూడు చేతులు దిగుతాయి.

ఇప్పుడు ఆ అబ్బాయి వయసు 13కి మార్చండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఈ వయసు పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లవాడి రాతపూర్వక సమ్మతి కూడా కావాలి. నాన్న సంతకం పెట్టాడు, కొడుకు వద్దంటున్నాడు. ఏం చేస్తారు? మిగతావి తగ్గించుకునైనా దీనికి ఎక్కువ టైమ్ ఇవ్వండి. ఏ గ్రూపు తీసుకోవాలో కూడా ఇంట్లో వాళ్లే తేల్చిన పిల్లలు వీళ్లు, దీని మీద వాళ్లకు చెప్పడానికి చాలా ఉంటుంది.

ఇదంతా విదేశీ గొడవ అనుకునేవాళ్లకు వేలూరు గుర్తుచేయండి. మనవాళ్లు పెద్ద జబ్బంటే వెళ్లే సీఎంసీ ఆసుపత్రిలోనే హిమోఫీలియా (రక్తం గడ్డకట్టని జబ్బు) ఉన్న ఐదుగురికి జీన్ థెరపీ చేశారు. ఫలితాలు 2024 డిసెంబరులో వచ్చాయి. అది జీన్‌ను చేర్చడం, దిద్దడం కాదు. సంతకం పెట్టాల్సిన కమిటీ మాత్రం దానికీ కావాలి.

రెండో ఫైలు భార్యాభర్తలది. ఇద్దరూ తలసీమియా వాహకులు, అంటే జబ్బు లేకపోయినా జబ్బు జీన్ ఒకటి మోస్తున్నవాళ్లు, పిండంలోనే దిద్దించాలని అడుగుతున్నారు. ఇద్దరు పిల్లలకు చెరో రూపాయి బిళ్ల ఇచ్చి ఎగరేయించండి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది; బొమ్మ పడితే జబ్బు జీన్ బిడ్డకు వచ్చినట్టు. రెండూ బొమ్మ పడితే జబ్బు. నాలుగో వంతు అవకాశం అంటే ‘ఒకరికి వస్తే తర్వాతి ముగ్గురూ క్షేమం’ అని చాలామంది లెక్క. ప్రతి కాన్పుకూ బిళ్లలు కొత్తగా ఎగురుతాయని చేతిలో ఉంటేనే అర్థమవుతుంది. అప్పుడు మామూలు మనిషితో ఈ ప్రశ్న అడిగించండి: వేరే దారి లేదా? ఉంది. ల్యాబ్‌లో పిండాన్ని తయారుచేసే ఐవీఎఫ్‌లో పిండాలను పరీక్షించి జబ్బు లేనిదాన్ని ఎంచుకోవచ్చు. మరి దిద్దడం ఎవరికి తప్పనిసరి? తల్లీతండ్రీ ఇద్దరికీ జబ్బే ఉన్న అరుదైన జంటకు. ఇంత తేలాక ‘దేవుడు, సైన్సు’ గొడవ దానంతట అదే పక్కకు పోతుంది. పిండంలో మార్పులకు 2019 నాటి ఐసీఎంఆర్ జీన్ థెరపీ మార్గదర్శకాలు ఒప్పుకోవని ఓటు అయ్యాకే చెప్పండి, ముందే చెప్తే ఆలోచించడం మానేస్తారు.

ఈ ఫైలుతో ఒక జాగ్రత్త. అమ్మానాన్నలది మేనరికమైన పిల్లలు మన క్లాసుల్లో ఉంటారు. ‘మీ ఇంట్లో ఎవరిది?’ అని చేతులెత్తించొద్దు. దగ్గరి బంధువుల్లో ఒకే జీన్ దాగి ఉండే అవకాశం ఎక్కువనీ, వాహకులెవరో పెళ్లికి ముందే హెచ్‌బీఏ2 రక్తపరీక్షలో తెలుస్తుందనీ చెప్పి ఊరుకోండి. తర్వాత ఎవరైనా విడిగా వచ్చి ‘మా అక్కకు మామతో సంబంధం చూస్తున్నారు మేడమ్’ అంటే జాతకం చెప్పినట్టు చెప్పొద్దు, కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరును కలవమనండి.

చైనా కథను చివరికి ఉంచండి. దాంతో మొదలుపెడితే అందరూ ‘తప్పు’ అనేసి బ్యాగులు సర్దుకుంటారు. 2018లో హే జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త, తండ్రికి హెచ్‌ఐవీ ఉన్న కవల పిండాల్లో హెచ్‌ఐవీ కణంలోకి దూరడానికి వాడుకునే సీసీఆర్5 జీన్‌ను మార్చాడు. 2019 డిసెంబరులో మూడేళ్ల జైలు, 30 లక్షల యువాన్ల జరిమానా పడ్డాయి. తప్పు ఎక్కడ జరిగిందో కమిటీనే వెతకమనండి. తండ్రి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ రాకుండా చేసే పద్ధతులు అప్పటికే ఉన్నాయి. సమ్మతి పత్రంలో దాన్ని ఎయిడ్స్ వ్యాక్సిన్ ప్రాజెక్టుగా రాశారు. రెండో ఫైలు బాగా నడిచి ఉంటే ‘వేరే దారి లేదా’ అని పిల్లలే అడుగుతారు.

హోంవర్కుగా మొదటి ఫైలుకు ఒక పేజీ సమ్మతి పత్రం తెలుగులో రాయించండి. ఇంట్లో అవ్వకు చదివి వినిపించాలి, అవ్వ అడిగిన ప్రశ్నలు కింద రాసుకురావాలి. ‘డబ్బులెవరివి? నడుమ వద్దనుకుంటే పంపిస్తారా?’ లాంటివి వస్తాయి. కమిటీ అడగాల్సినవీ అవే.

దసరా సెలవుల తర్వాత పెట్టుకోండి, ప్రాక్టికల్స్ దగ్గరపడితే ఎవరూ వినరు. ‘నీట్‌కు పనికొస్తుందా’ అని ప్రిన్సిపాల్ అడిగితే రూపాయి బిళ్లల లెక్క చూపించండి. ఓటు 4-3తో ఆగితే పిల్లలు మీ ఓటు అడుగుతారు. వేయొద్దు. ఓడిన ముగ్గురితో అభ్యంతరం రాయించి, సంతకాలతో అదే ఫైల్లో పెట్టించండి.