ఒక లాగౌట్‌తో అన్ని అప్లికేషన్ల నుంచీ బయటకు: జావా వెబ్ యాప్‌లో చేయవలసిన ఏర్పాట్లు

తిరుపతిలోని ఒక డిగ్రీ కళాశాలను ఊహించుకుందాం. అక్కడ హాజరు, లైబ్రరీ, హాస్టల్ ఫీజులు అని మూడు జావా అప్లికేషన్లు ఉన్నాయి. మూడింటి లాగిన్‌నూ ఒకే లాగిన్ సర్వర్ చూసుకుంటుంది. చిక్కు కంప్యూటర్ ల్యాబ్‌లోనూ, బస్టాండు చుట్టుపక్కల నెట్ సెంటర్లలోనూ మొదలవుతుంది. ఒక విద్యార్థి లైబ్రరీ పేజీలో లాగౌట్ నొక్కి లేచి వెళ్లిపోయాక, అదే కుర్చీలో కూర్చున్న మరొకరు ఫీజుల పేజీ తెరిస్తే ముందరి విద్యార్థి పేరు, బకాయి, రసీదులు కనిపిస్తాయి.

కారణం సూటిగానే ఉంది. ఆ బ్రౌజర్‌లో ఉన్నది ఒక సెషన్ (ఎవరు లాగినయ్యారో సర్వర్ గుర్తుంచుకునే నమోదు) కాదు, నాలుగు: మూడు అప్లికేషన్లవి మూడు, లాగిన్ సర్వర్‌ది ఒకటి. లైబ్రరీ అప్లికేషన్ తన సెషన్‌ను రద్దు చేసుకుంటే పోయేది అదొక్కటే. లాగిన్ సర్వర్ సెషన్ బతికే ఉంటుంది కాబట్టి లైబ్రరీ లింకును మళ్లీ నొక్కితే పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి పంపేస్తుంది. పోనీ లాగిన్ సర్వర్ సెషన్‌ను మాత్రమే తీసేస్తే, లాడ్జి కౌంటరులో ఖాతా ముగించి గది తాళంచెవిని అతిథి చేతిలోనే వదిలేసినట్టవుతుంది. జావా వెబ్ అప్లికేషన్లను నడిపే టామ్‌క్యాట్‌లో మనం మార్చకపోతే ఖాళీగా ఉన్న సెషన్ గడువు 30 నిమిషాలు. అంతసేపూ ఫీజుల పేజీ తెరుచుకుంటూనే ఉంటుంది.

కాబట్టి పని రెండు భాగాలు. లాగౌట్ నొక్కిన అప్లికేషన్ ఆ సంగతిని లాగిన్ సర్వర్‌కు చెప్పాలి. లాగిన్ సర్వర్ మిగతా అప్లికేషన్లన్నింటికీ చెప్పాలి. మొదటి భాగం సులువు. ఒకే లాగిన్‌ను పలు అప్లికేషన్లకు పంచే ప్రమాణమైన ఓపెన్‌ఐడీ కనెక్ట్ (ఓఐడీసీ) వాడేవారు, జావా భద్రతా లైబ్రరీ స్ప్రింగ్ సెక్యూరిటీలోని ఓఐడీసీ‌క్లయింట్‌ఇనిషియేటెడ్‌లాగౌట్‌సక్సెస్‌హ్యాండ్లర్‌ను లాగౌట్ ఏర్పాట్లలో జతచేసి, లాగౌట్ తరువాత తిరిగి రావలసిన చిరునామాను ఇస్తే చాలు. ఆ చిరునామాను లాగిన్ సర్వర్‌లో కూడా ముందే నమోదు చేసి ఉంచాలి. అసలు శ్రమంతా రెండో భాగంలో ఉంది.

ముందుదారి, వెనుకదారి

లాగిన్ సర్వర్ ఆ కబురును రెండు విధాలుగా పంపగలదు. ఫ్రంట్ ఛానల్ పద్ధతిలో లాగౌట్ పేజీ మీద కనిపించని ఐఫ్రేములు పెట్టి, ఒక్కొక్క అప్లికేషన్ లాగౌట్ చిరునామాను బ్రౌజర్ చేతనే తెరిపిస్తుంది. బ్యాక్ ఛానల్ పద్ధతిలో బ్రౌజర్ ప్రమేయం లేకుండా సర్వర్ నుంచి సర్వర్‌కు నేరుగా పోస్ట్ అభ్యర్థన వెళుతుంది. ఐఫ్రేములో తెరిచిన అప్లికేషన్‌కు దాని కుకీ (సెషన్‌ను గుర్తుపట్టేందుకు బ్రౌజర్ దాచుకునే చిన్న గుర్తు) చేరితేనే మొదటి పద్ధతి పనిచేస్తుంది. అప్లికేషన్లు వేరువేరు డొమైన్లలో ఉన్నప్పుడు అవి థర్డ్ పార్టీ కుకీలు, అంటే తెరిచిన సైటువి కాని కుకీలవుతాయి. సఫారీ 2020 నుంచి వాటిని పూర్తిగా అడ్డుకుంటోంది, ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఒక్కొక్క సైటుకు వేరుగా విడదీసి ఉంచుతోంది. పైగా లాగౌట్ నొక్కిన మరుక్షణమే ట్యాబ్ మూసేసే విద్యార్థులే ఎక్కువ. కొత్తగా కట్టే వ్యవస్థకు నేను బ్యాక్ ఛానల్‌నే ఎంచుకుంటాను.

బ్యాక్ ఛానల్‌లో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది: వచ్చే అభ్యర్థన విద్యార్థి బ్రౌజర్ నుంచి రాదు కాబట్టి దానితోపాటు జేసెషన్‌ఐడీ కుకీ రాదు. ఏ సెషన్‌ను చంపాలో అప్లికేషన్‌కు తెలియాలంటే, లాగిన్ సమయంలోనే లాగిన్ సర్వర్ ఇచ్చిన గుర్తుకూ తన సెషన్‌కూ ఒక పట్టిక రాసి పెట్టుకోవాలి. ఇక్కడ ఎదురయ్యే తప్పుల్లో చాలా వరకు ఆ పట్టిక దగ్గర జరిగేవే.

కాస్ సర్వర్ వాడుతుంటే

యేల్ విశ్వవిద్యాలయంలో పుట్టిన లాగిన్ సర్వర్ కాస్‌లో ఆ గుర్తు సర్వీస్ టికెట్, అంటే లాగినైనప్పుడు అప్లికేషన్‌కు ఇచ్చే చీటీ. లాగౌట్ జరిగినప్పుడు కాస్ సర్వర్ ప్రతి అప్లికేషన్‌కూ లాగౌట్‌రిక్వెస్ట్ అనే పారామీటరులో ఒక ఎక్స్‌ఎంఎల్ సందేశం పంపుతుంది. అందులోని సెషన్‌ఇండెక్స్ అనే ట్యాగులో ఉండేది లాగిన్ నాటి సర్వీస్ టికెట్టే. జావా క్లయింట్ లైబ్రరీలోని సింగిల్‌సైన్‌అవుట్‌ఫిల్టర్ ఆ టికెట్‌ను పట్టికలో వెతికి, దానికి చెందిన సెషన్‌ను రద్దు చేస్తుంది.

అప్లికేషన్ అమరికల ఫైలైన వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో ఈ ఫిల్టర్ తక్కిన కాస్ ఫిల్టర్లన్నింటికంటే ముందుండాలి. లాగిన్‌ను తనిఖీ చేసే ఫిల్టర్ దీనికి ముందు వస్తే, కుకీ లేని లాగౌట్ అభ్యర్థనను అది కొత్త మనిషిగా భావించి లాగిన్ పేజీకి మళ్లిస్తుంది. ఎక్కడా ఎర్రర్ కనిపించదు, లాగౌట్ మాత్రం జరగదు. ఫిల్టర్‌తోపాటు సింగిల్‌సైన్‌అవుట్‌హెచ్‌టీటీపీ‌సెషన్‌లిజనర్‌ను కూడా నమోదు చేయాలి. గడువు తీరి వాటంతట అవే పోయిన సెషన్లను పట్టికలోంచి తీసేసేది అదే. అది లేకపోతే పట్టిక పెరుగుతూ పోయి మెమరీని తింటుంది. స్ప్రింగ్ సెక్యూరిటీ ఉన్నచోట ఈ ఫిల్టర్‌ను సీఎస్‌ఆర్‌ఎఫ్ తనిఖీకి (వేరే సైటు నుంచి దొంగచాటుగా వచ్చే అభ్యర్థనలను ఆపేది) కూడా ముందే ఉంచాలి. లాగిన్ సర్వర్ పంపే పోస్ట్‌లో సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ ఉండదు కనుక, క్రమం తప్పితే 403, అంటే అనుమతి లేదన్న జవాబుతో తిరిగిపోతుంది.

ఓపెన్‌ఐడీ కనెక్ట్ వాడుతుంటే

ఈ పద్ధతిలో బ్యాక్ ఛానల్ లాగౌట్ ప్రమాణం 2022 సెప్టెంబరులో తుదిరూపం పొందింది. లాగిన్ సర్వర్ ఒక లాగౌట్ టోకెన్‌ను పంపుతుంది. సంతకం చేసిన ఆ జేడబ్ల్యూటీలో (జేసన్ వెబ్ టోకెన్) పంపినవారెవరు, ఎవరికి పంపారు, ఏ సెషన్ లేదా ఏ వినియోగదారు అనే వివరాలుంటాయి. అందులో నాన్స్ (ఒక్కసారికే వాడే విలువ) ఉండకూడదన్నది నియమం. లాగౌట్ టోకెన్‌ను ఐడీ టోకెన్‌గా (లాగినైనవారెవరో చెప్పే టోకెన్) చలామణీ చేయకుండా ఆపడానికి పెట్టిన అడ్డు అది.

స్ప్రింగ్ సెక్యూరిటీ 6.2 నుంచి ఇవన్నీ సరిచూసే కోడ్ సిద్ధంగా దొరుకుతోంది కాబట్టి సొంతంగా రాయవలసిన అవసరం లేదు. సెక్యూరిటీ కాన్ఫిగరేషన్‌లో ఓఐడీసీ‌లాగౌట్ కింద బ్యాక్‌ఛానల్‌ను ఆన్ చేస్తే, లాగౌట్, కనెక్ట్, బ్యాక్-ఛానల్, ఆ తరువాత మీ రిజిస్ట్రేషన్ పేరు అనే వరుసలో ఒక చిరునామా తయారవుతుంది. దానిని, మీ లాగిన్ సర్వర్ కీక్లోక్ అయితే, అందులో మీ క్లయింట్ సెట్టింగ్స్‌లోని బ్యాక్‌ఛానల్ లాగౌట్ యూఆర్ఎల్ గడిలో నింపాలి. హెచ్‌టీటీపీ‌సెషన్‌ఈవెంట్‌పబ్లిషర్‌ను బీన్‌గా ప్రకటించడం మరవకూడదు. స్ప్రింగ్ సెషన్ (సెషన్లను టామ్‌క్యాట్ బయట నిల్వచేసే లైబ్రరీ) వాడేవారు మరొకటి గమనించాలి: ఈ ఏర్పాటు జేసెషన్‌ఐడీ అనే కుకీ పేరునే ఆశిస్తుంది, స్ప్రింగ్ సెషన్ మాత్రం తన కుకీకి సెషన్ అనే పేరు పెడుతుంది. హ్యాండ్లర్‌లో కుకీ పేరు మార్చకపోతే టోకెన్ సరైనదని తేలినా సెషన్ చావదు.

సర్వర్లు రెండైతే

పరీక్షల ఫీజు గడువు రోజుల్లో ఫీజుల అప్లికేషన్‌ను రెండు టామ్‌క్యాట్‌ల మీద నడిపి ముందు అభ్యర్థనలను రెండింటికీ పంచే లోడ్ బ్యాలన్సర్ పెడతారు. విద్యార్థి సెషన్ మొదటి దానిలో ఉంటే, కుకీ లేకుండా వచ్చిన లాగౌట్ పోస్ట్ రెండో దానికి వెళ్లవచ్చు. దాని పట్టికలో ఆ గుర్తు లేదు కనుక ఏమీ జరగదు. ఒక సర్వర్ మీద చేసిన పరీక్షలో ఇది ఎన్నటికీ బయటపడదు. ఒక వ్యక్తి అభ్యర్థనలన్నీ ఒకే సర్వర్‌కు పంపే స్టికీ సెషన్లు కూడా కుకీ మీదే ఆధారపడతాయి కాబట్టి ఇక్కడ అక్కరకు రావు. సెషన్లనూ పట్టికనూ రెడిస్ వంటి ఉమ్మడి నిల్వలో పెట్టడమే సరైన మార్గం. కాస్ క్లయింట్‌లో పట్టిక మామూలుగా మెమరీలోని హ్యాష్‌మ్యాప్; స్ప్రింగ్‌లో ఓఐడీసీ‌సెషన్‌రిజిస్ట్రీ కూడా అంతే. రెండుచోట్లా ఆ ఇంటర్‌ఫేస్‌ను మనమే అమలుచేసి మార్చుకోవచ్చు.

మరో అడ్డంకి నెట్‌వర్క్. కళాశాలకు చిత్తూరులో ఒక శాఖ ఉండి, హాజరు అప్లికేషన్ అక్కడి లోపలి నెట్‌వర్క్‌లోనే నడుస్తోందనుకుందాం. చిత్తూరు బ్రౌజర్లు తిరుపతిలోని లాగిన్ సర్వర్‌ను చేరగలవు గనుక లాగిన్ చక్కగా జరుగుతుంది. తిరుపతి సర్వర్ మాత్రం చిత్తూరు అప్లికేషన్‌ను చేరలేదు గనుక లాగౌట్ కబురు దారిలోనే ఆగిపోతుంది. ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క చిరునామాకు దారి తెరిపించాలి. అది కుదరకపోతే ఆ అప్లికేషన్ సెషన్ గడువును 10 నిమిషాలకు తగ్గించాలి. దారి తెరిచినా పోస్ట్ విఫలమవుతుంటే సర్టిఫికెట్‌ను చూడండి: అప్లికేషన్ సొంతంగా సంతకం చేసుకున్న సర్టిఫికెట్ వాడుతుంటే, దానిని లాగిన్ సర్వర్ జేవీఎం ట్రస్ట్‌స్టోర్‌లో (నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితా) చేర్చేదాకా కనెక్షన్ నిలవదు.

సెషన్ అనేదే లేకుండా బ్రౌజర్‌లోని జేడబ్ల్యూటీతోనే నడిచే అప్లికేషన్‌కు ఈ పట్టిక పనికిరాదు. లాగౌటైన గుర్తులను టోకెన్ గడువు తీరేదాకా రెడిస్‌లో ఉంచి, ప్రతి అభ్యర్థనలోనూ సరిచూడవలసి ఉంటుంది. టోకెన్ గడువు అయిదు నిమిషాల లోపుంటే ఆ శ్రమను వదిలేసినా పెద్ద నష్టం లేదని నా అభిప్రాయం.

అందరికీ అన్నింటి నుంచీ లాగౌట్ చేయించాలా అన్నది కూడా ఆలోచించవలసిందే. కౌంటరులో ఫీజు రసీదు సగం నింపిన గుమస్తా, పక్క ట్యాబ్‌లో లైబ్రరీ నుంచి లాగౌట్ కాగానే ఆ సగం పోతే విసుక్కుంటారు. సిబ్బందికి ఏది కావాలో అడిగే పేజీ చూపవచ్చు. ల్యాబ్ కంప్యూటర్లలో మాత్రం అడగకుండా అన్నింటినీ ముగించాలి.

పరీక్షించేటప్పుడు ఒకే బ్రౌజర్‌లో మూడు అప్లికేషన్లూ తెరిచి, ఒకదానిలో లాగౌటై, మిగతా రెండింటినీ రిఫ్రెష్ చేసి చూడాలి. వెనక్కి బటన్ నొక్కినప్పుడు పాత పేజీ కనిపిస్తే అది సెషన్ తప్పు కాకపోవచ్చు. క్యాష్-కంట్రోల్ హెడరులో నో-స్టోర్ (పేజీని దాచుకోవద్దన్న సూచన) ఉందో లేదో చూడాలి. తరువాత ఒకే ఖాతాతో రెండు బ్రౌజర్లలో లాగినై, ఒకదానిలో లాగౌటైతే రెండోది నిలిచిందో లేదో గమనించాలి: టోకెన్‌లో సెషన్ గుర్తు ఉంటే నిలవాలి, వినియోగదారు గుర్తు మాత్రమే ఉంటే రెండూ పోవాలి. చివరగా ఫీజుల అప్లికేషన్‌ను కావాలనే ఆపివేసి లైబ్రరీ నుంచి లాగౌట్ కావాలి. హాజరు అప్లికేషన్‌కు కబురు అందడం ఆగకూడదు, ఫీజులకు పంపిన కబురు విఫలమైనట్టు లాగిన్ సర్వర్ లాగ్‌లో ఒక వరుస పడాలి.