"నా వల్ల ఏమవుతుంది ప్రభువా" అనిపిస్తుంటే ఏం చేయాలి

మిమ్మల్ని ఎవరో ఒకరు అడిగి ఉంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే అయ్యగారు వచ్చి "ఈసారి సండే స్కూల్ పిల్లల్ని నువ్వు చూసుకోమ్మా" అని ఉండొచ్చు, లేదా ఉపవాస కూటంలో వాక్యం చెప్పమని ఉండొచ్చు, లేదా ఎవరూ అడక్కుండానే ఏదో ఒక పని గురించి ఆరు నెలలుగా లోపల ఒకటే మాట తిరుగుతూ ఉండొచ్చు. మీరు "ప్రార్థన చేసి చెప్తానయ్యా" అని ఇంటికొచ్చేసి ఉంటారు. ప్రార్థన మాత్రం చేసి ఉండరు, చేస్తే ఏం వినబడుతుందో అని భయం. నేను మూడేళ్లు అదే చేశాను కాబట్టి నాకు తెలుసు.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. పదో తరగతితో చదువు ఆగింది, ఇప్పుడు ప్రొద్దుటూరు బట్టల కొట్ల వాళ్లకు జాకెట్లు కుట్టి ఇస్తుంటాను. బైబిలు ఇంట్లో కూర్చుని చదువుకోవడం ఎంత ఇష్టమో, నలుగురి ముందు పైకి చదవాలంటే అంత భయం. అది పాత తెలుగు, ఒక్కో వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసుకునే లోపే ఊపిరి అయిపోతుంది. ఆ భయంతో గడిపిన మనిషిగా, అదే భయంతో ఉన్న మీకు ఏం చేస్తే బాగుంటుందో చెప్తున్నాను.

ముందు ఒక నోటు పుస్తకం తీసుకోండి. మీ సందేహాన్ని అది మీ లోపల ఏ మాటల్లో వస్తుందో ఆ మాటల్లోనే రాయండి. "నాకు ధైర్యం లేదు" అని రాయొద్దు, అది అందరికీ సరిపోయే మాట, దానితో పని జరగదు. నేను రాసుకున్నది ఇది: "నేను శ, ష సరిగ్గా పలకలేను. ముందు వరసలో టీచరమ్మ కూర్చుంటుంది. ఆమె తల దించుకుంటే నేను చచ్చిపోతాను." రాసి చూసుకున్నాక నాకే తెలిసింది, నేను మూడేళ్లుగా దేవునికి కాదు, ఆ ఒక్క మనిషికి భయపడి ఆగిపోయానని. మీది వేరే ఉండొచ్చు. "మా ఆయన తాగుతాడు, నేను ఏ మొహంతో చెప్పాలి" అని ఉండొచ్చు. "మా పల్లె పేరు చెప్తేనే ఎదుటివాళ్లు మమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో లెక్క వేసుకుంటారు" అని ఉండొచ్చు, ఈ జిల్లాల్లో పుట్టినవాళ్లకు ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. ఏదైనా సరే, అదే మాట రాయండి. ఆ పేజీ ఎవరికీ చూపించాల్సిన పని లేదు.

ఇప్పుడు నిర్గమకాండం 3, 4 అధ్యాయాలు తెరిచి ఆ పేజీ పక్కన పెట్టుకోండి. మోషే అప్పటికి ఎనభై ఏళ్ల మనిషి. మామ గొర్రెలు కాసుకుంటున్నాడు. పొద మండుతోంది, అందులోంచి దేవుడే పేరు పెట్టి పిలిచి, ఐగుప్తులో బానిసలుగా ఉన్న తన జనాన్ని బయటికి తీసుకురమ్మంటున్నాడు, అయినా మోషే ఐదు సార్లు అడ్డం చెప్పాడు. నేను ఎంతటివాడిని అన్నాడు. నిన్ను ఎవరు పంపారని అడిగితే ఏం చెప్పాలి అన్నాడు. వాళ్లు నన్ను నమ్మరు అన్నాడు. నాకు నోటి మాంద్యం, నాలుక మాంద్యం అన్నాడు. చివరికి ఇంకెవర్నైనా పంపించు అనేశాడు. మీరు రాసుకున్నది ఈ ఐదింటిలో ఏదో ఒక దానికి దగ్గరగా ఉంటుంది, వేలు పెట్టి వెతకండి. నాది నాలుగోది.

ఇక్కడ నిదానంగా చదవండి, నేను చెప్పదల్చుకున్నదంతా ఇక్కడే ఉంది. "నేను ఎంతటివాడిని" అని మోషే అడిగితే దేవుడు "నువ్వు చాలా గొప్పవాడివి, నీ విలువ నీకు తెలియడం లేదు" అనలేదు. ఐగుప్తు రాజు ఇంట్లో పెరిగినవాడు, చదువుకున్నవాడు, ఆ మాట అనడానికి కావలసినంత ఉంది, అయినా అనలేదు. "నేను నీకు తోడై ఉంటాను" అన్నాడు, అంతే. నాలుక గురించి అడిగినప్పుడు "నువ్వు బాగానే మాట్లాడతావు" అని బుజ్జగించలేదు, మనిషికి నోరిచ్చింది ఎవరు అని అడిగాడు. అడిగింది తన గురించి, జవాబు దేవుని గురించి వచ్చింది. మనం మాత్రం అటూ ఇటూ తిరిగి "నువ్వు చేయగలవు, నీలో చాలా టాలెంట్ ఉంది" అనేవాళ్ల కోసం వెతుకుతాం. నేనూ వెతికాను, దొరికారు కూడా, ఆ మాటల బలం శనివారం రాత్రి దాకానే ఉండేది. ఆదివారం పొద్దున లేచేసరికి మళ్లీ మొదటికి. కాబట్టి మీ పేజీలో ప్రతి సందేహం కింద మీ గురించి మంచి మాట రాసుకునే బదులు, ఆ సందేహానికి దేవుడిచ్చిన జవాబు ఆ అధ్యాయాల్లోంచి తీసి రాయండి. నాలుకకు ఆయన జవాబు, మనుషులు నమ్మరంటే ఆయన జవాబు, వేరువేరుగా ఉన్నాయి.

ఐదోసారికి దేవునికి కోపం వచ్చిందని కూడా అక్కడే ఉంది. దాన్ని దాటేయకండి. భయం చెప్పుకుంటే నాలుగు సార్లు ఓపికగా విన్నాడు, "నేను పోను" అన్నాక కోపం వచ్చింది. అయినా ఆ కోపంలోనే అహరోను సంగతి చెప్పాడు, మీ అన్న నిన్ను కలుసుకోవడానికి వస్తున్నాడు అని. అంటే మోషే ఇంకా కాదంటూ ఉండగానే సాయం రావాల్సిన మనిషి సంగతి దేవుడు చూసేశాడు. నేను ఆ వచనం చదివిన రోజు కుట్టు మిషన్ ఆపేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

తర్వాత ఎవరినైనా ఒకరిని అడగండి. ఒక్కరిని చాలు. సమూయేలు చిన్నపిల్లవాడు, దేవుడు పిలుస్తుంటే మూడు సార్లు యాజకుడు ఏలీ దగ్గరికే పరిగెత్తాడు. ఆ గొంతు ఎవరిదో పోల్చి చెప్పడానికి వయసు మీరిన, కళ్లు మందగించిన ఏలీయే కావలసి వచ్చాడు. మీకు ఏలీ ఎవరు? బాగా మాట్లాడేవాళ్లు అయి ఉండక్కర్లేదు, మీ ఇంటి పరిస్థితి తెలిసినవాళ్లు, మిమ్మల్ని పొగిడితే వాళ్లకు వచ్చేది ఏమీ లేనివాళ్లు, అవసరమైతే "ఇప్పుడు వద్దులే" అని కూడా అనగలిగినవాళ్లు అయితే చాలు. వాట్సాప్ గ్రూపులో అడక్కండి. ఇరవై మంది "ఆమెన్" అని పెడతారు, వాళ్లలో ఒక్కరికి కూడా మీ సంగతి తెలియదు.

ఇక పని. పిలుపు అనగానే మనకు ఉద్యోగం మానేసి, బైబిలు కాలేజీలో చేరి, తెల్ల బట్టలు వేసుకోవడమే కళ్ల ముందుకు వస్తుంది, అంత పెద్దది కనబడితే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. గిద్యోను సంగతి చూడండి. తన జనాన్ని పీడిస్తున్న మిద్యానీయుల మీదికి పొమ్మని దేవుడు చెప్పాడు గానీ ఆ రాత్రే అప్పజెప్పిన పని యుద్ధం కాదు, తన సొంత నాన్న బయలు అనే దేవతకు కట్టించిన బలిపీఠాన్ని పడగొట్టడం. గిద్యోను పది మంది పనివాళ్లను వెంటబెట్టుకుని ఆ పని చేశాడు, కానీ ఇంట్లోవాళ్లకు, ఊళ్లోవాళ్లకు భయపడి పగలు కాకుండా రాత్రిపూట చేశాడు. బైబిలు ఆ భయాన్ని దాచిపెట్టలేదు. రాత్రి చేశావు కాబట్టి లెక్కలోకి రాదని దేవుడు అనలేదు. భయం పోయాక విధేయత చూపిస్తాను అనుకునేవాళ్లు న్యాయాధిపతులు 6:27 పదిసార్లు చదవాలని నా అభిప్రాయం. గొర్రె బొచ్చు పరచి రెండుసార్లు గుర్తు అడిగింది ఆ తర్వాత. మనం మాత్రం ఆ బొచ్చు సంగతే గుర్తు పెట్టుకుని "ఫలానాది జరిగితే వెళ్తాను" అని గుర్తుల మీద గుర్తులు అడుగుతూ కూర్చుంటాం.

కాబట్టి మీ ఇంట్లో, మీ వీధిలో, ఈ వారంలో చేయగలిగే చిన్న పని ఒకటి పట్టుకోండి, దానికి తేదీ పెట్టుకోండి. జబ్బుతో పడుకున్న ఇంటికి పోయి ఒక కీర్తన చదివి రావడం. ముగ్గురు పిల్లలకు శనివారం సాయంత్రం కథ చెప్పడం. మోషేను కూడా దేవుడు అడిగింది నీ చేతిలో ఏముంది అనే, ఉన్నది గొర్రెలు కాసే కర్ర.

మాట్లాడాల్సిన పని అయితే నేను ఎలా సిద్ధపడతానో చెప్తాను. ఒకే భాగం తీసుకుంటాను, పది వచనాలకు మించకుండా. దాన్ని నోటు పుస్తకంలో పెద్ద అక్షరాలతో నా చేత్తో రాస్తాను, ఎక్కడ ఆగాలో అక్కడ ఎర్ర పెన్నుతో గీత పెడతాను. నోరు తిరగని పేర్లు విడిగా రాసుకుని అన్నం వండుతూ పైకి అంటుంటాను. పొద్దున శనగ చేల గట్టు మీద నడుస్తూ మొత్తం గట్టిగా మూడు సార్లు చెప్తాను, మనసులో చెప్పుకోవడం వేరు, గొంతు విప్పి చెప్పడం వేరు. ఐదు నిమిషాలకు మించి ఒప్పుకోను. పెద్ద ప్రసంగీకుల గొంతు, వాళ్ల ఊపు అనుకరించొద్దు, మన యాస మనకుంది, మన అవ్వలకు అర్థమయ్యేది అదే.

మొదటిసారి నాకు బాగా జరగలేదు. కాగితం మడిచి గుప్పిట్లో పట్టుకున్నాను, నా వంతు వచ్చేసరికి చెమటకు తడిసి ఇంకు పాకింది, మడత దగ్గర రెండు వరసలు కనబడలేదు. మైకు కీచుమంది. నేను చెప్పాల్సింది సగంలో వదిలేసి, "అంతేనండి" అని కూర్చున్నాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ముందు వరసలో టీచరమ్మ తల దించుకుంది కూడా, నేను భయపడినట్టే. ఆమె బైబిల్లో నేను చదివిన చోటు వెతుక్కుంటోందని నాకు తర్వాత తెలిసింది. బయటికొస్తుంటే డెబ్బై దాటిన ఒక జేజి నా చెయ్యి పట్టుకుంది. "ఆ పేతురు చేపల కాడ కాళ్ల మింద పడిన మాట మళ్లా చెప్పు పాపా, నాకు సగమే యినపడె" అనింది. గుడి మెట్ల మీద కూర్చుని మళ్లీ చెప్పాను, మైకు లేకుండా, కాగితం లేకుండా.

అలా తడబడిన రోజు ఏం చేయాలంటే, ఆ రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. అన్నం తిని పడుకోండి. రెండు రోజులయ్యాక మీరు ఏలీ అనుకున్న మనిషి దగ్గరికి పోయి ఏది సరిదిద్దుకోవాలో అడగండి, అడిగి అది ఒక్కటే సరిదిద్దుకోండి. నేను కాగితం మానేసి అట్ట ఉన్న నోటు పుస్తకం పట్టుకున్నాను.

గతం గురించి పీడించే సందేహం వేరు, దానికి సిద్ధపాటు సరిపోదు. "నేను ఏం చేశానో ఊరికంతా తెలుసు" అనేవాళ్లకు పేతురు ఉన్నాడు. నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ యేసు ఎవరో నాకు తెలియదని మూడు సార్లు అన్నాడు. యోహాను 21లో ప్రభువు ఆయన కోసం ఒడ్డున మళ్లీ నిప్పులే సిద్ధం చేసి ఉంచాడు, వాటి మీద చేపలు పెట్టాడు, మూడు సార్లు ప్రేమిస్తున్నావా అని అడిగాడు, మూడు సార్లూ పని అప్పజెప్పాడు. జరిగిన దాన్ని లేదన్నట్టు వదిలేయలేదు, పేతురుకు గుచ్చుకునేలాగే అడిగాడు. మీరు కూడా ఒప్పుకోవాల్సింది ఒప్పుకోండి, ఎవరి డబ్బైనా ఇవ్వాల్సి ఉంటే ఇవ్వండి, ఎవరితోనైనా మాటలు లేకపోతే ముందు పోయి మాట్లాడండి. అది చేశాక కూడా గొంతు పట్టుకునేది ఉంటే అది పశ్చాత్తాపం కాదు, దాని మాట వినక్కర్లేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ప్రతి వెనుకడుగూ అవిశ్వాసం కాదు. అప్పులు నెత్తి మీద ఉండగా ఉన్న పని మానేసి సేవకు వస్తానంటే, భార్యకు చెప్పకుండా పొలం అమ్మేస్తానంటే, ఆపే మాట దేవుని నుంచే వస్తూ ఉండొచ్చు. వారాల తరబడి నిద్ర లేక, ఏ పనీ చేయబుద్ధి కాక, బతుకే వద్దనిపిస్తుంటే ఇది మామూలు సందేహం కాదు, ఇవాళే ఇంట్లోవాళ్లకు చెప్పండి, డాక్టర్ దగ్గరికి పొండి, ప్రార్థన కూడా చేయించుకోండి. దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మన జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి పెట్టిన మిషన్ వాళ్ల లెక్కలో వైద్యం చేయడమూ పిలుపే. లండన్ మిషన్ 1822లో కడపలో పని మొదలుపెట్టిందని అంటారు, కానీ ఆ తర్వాత మన పల్లెల్లో పగలు పలకలు దిద్దించి రాత్రి ప్రార్థన నడిపిన ఊరి పంతుళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ వెతికి పట్టుకోలేం. దోర్నకల్‌కు బిషప్ అయిన అజరయ్య గారు తిరునెల్వేలి వైపు తమిళుడు, తెలుగు నేర్చుకుని మరీ తెలుగువాళ్ల మధ్య పని చేశారు, 1912లో బిషప్ అయ్యారు. భాష రాదు అనేది ఆయనకూ ఉండిందే.

ఇప్పుడు మీరు చేయాల్సింది, ఆ అడిగిన మనిషికి ఫోన్ చేయడం. పెద్దగా వివరించక్కర్లేదు, "అయ్యా, వందనాలు, వచ్చే నెల రెండో ఆదివారం ఐదు నిమిషాలు చెప్తాను, ఆ ముందు శుక్రవారం ఒకసారి మీకు చెప్పి చూపిస్తాను" అనండి. తేదీ మీరే చెప్పండి, లేకపోతే "చూద్దాంలేమ్మా" దగ్గర ఆగిపోతుంది. నాకు వచ్చే వారం మళ్లీ ఉంది, లూకా 5 అదే భాగం, ఈసారి మొత్తం. జేజి తనకు ముందు వరసలో చోటు పెట్టమంది.