బస్సు పట్టుకోవాలంటే 'తొమార్' అనండి

స్పానిష్ నేర్చుకునేవాళ్లకు ఒక చిన్న చిట్కా. స్పెయిన్ వాళ్ల పాఠాల్లో బస్సు పట్టుకోవడానికీ, ఫోన్ ఎత్తడానికీ, బల్ల మీద తాళంచెవి తీసుకోవడానికీ అన్నిటికీ 'కొహేర్' అనే క్రియే వస్తుంది, మాడ్రిడ్‌లో చిన్నపిల్లలు కూడా అనే మామూలు మాట అది. అదే మెక్సికోలోనో అర్జెంటీనాలోనో అంటే పచ్చి బూతు, అర్థం నేను రాయను, ఊహించుకోండి. కొలంబియాకి వెళ్తే మళ్లీ ఇబ్బంది లేదు. ఇదంతా గుర్తుపెట్టుకోవడం టెన్షన్ అనుకుంటే బస్సుకీ టాక్సీకీ 'తొమార్' వాడేయండి, ఎక్కడైనా చెల్లుతుంది; చేత్తో వస్తువు పట్టుకోవడానికైతే లాటిన్ అమెరికాలో 'అగర్రార్' అంటారు. అన్నట్టు, అక్కడ ఎవరైనా ఉత్తినే "తొమాస్?" అని అడిగితే మందు తాగుతావా అని, మనం "ఆయన తాగుతాడు" అన్నట్టే.

బస్సు పేరు ఇంకో గోల. మెక్సికోలో 'కమియోన్', స్పెయిన్‌లో ఆ మాటకి లారీ అని అర్థం. క్యూబాలో, కానరీ దీవుల్లో బస్సంటే 'గ్వాగ్వా', చిలీలో గ్వాగ్వా అంటే చంటిపిల్ల, కాబట్టి శాంటియాగోలో దిగి "గ్వాగ్వా ఎక్కడ ఎక్కాలండీ" అని మాత్రం అడక్కండి. 'ఔతొబూస్' అంటే అందరికీ అర్థమవుతుంది.