పక్కింటి గొడవకి కెమెరా పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

కాకినాడలో కెమెరాలు బిగించడం నా పని. ఈమధ్య దొంగల భయంతో పిలిచేవాళ్లకంటే పక్కింటి పోరు పడలేక పిలిచేవాళ్లే ఎక్కువయ్యారు. ప్రహరీ మీదుగా చెత్త విసరడం, బండి సీటు బ్లేడుతో కోసేయడం, గేటుకి అడ్డంగా కారు పెట్టడం, రాత్రిపూట తాగొచ్చి తలుపు బాదడం, ఒక్కో ఇంట్లో ఒక్కో బాధ. రిటైరైన మాస్టారు ఒకాయన పిలిచి, "బాబూ, వాడి గుమ్మం దాకా కనబడేలా పెట్టు. ఎప్పుడొస్తున్నాడో, ఎప్పుడు పోతున్నాడో నాకు తెలియాలి" అన్నారు. "మాస్టారూ, మీ గోడ, మీ గేటు, మీ బండి శుభ్రంగా కనబడేలా పెడతాను. ఆయన గుమ్మం మాత్రం వద్దండీ" అన్నాను.

పక్కవాళ్ల కిటికీ, బాల్కనీ, పెరడు మీ కెమెరాలో పడితే గొడవ మీ మీదికే తిరుగుతుంది. మీరు చెత్త గురించి స్టేషన్‌కి వెళ్తారు. ఆయన తన ఇంటి ఆడవాళ్లని మీరు వీడియో తీస్తున్నారని వెళ్తాడు. ఇక చెత్త సంగతి ఎవరికీ పట్టదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. స్నానం, బట్టలు మార్చుకోవడం లాంటి ఏకాంత సమయంలో ఆడవాళ్లని చిత్రిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు. ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల మధ్య కెమెరాల గొడవ కోర్టుకెక్కితే, తోటి నివాసి ఒప్పుకోకుండా ఇంటి లోపల కెమెరాలు నడపకూడదని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది. సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పుని మార్చలేదు. ఉమ్మడి ఇంట్లో వాటాలున్నవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అపార్ట్‌మెంటైతే కారిడార్‌లో పెట్టేముందు అసోసియేషన్ అనుమతి కాగితం మీద తీసుకోండి.

మరి ఎలా బిగించాలి? చాలామంది ఇంటి గోడకి బిగించి బయటికి తిప్పుతారు. అలా చేస్తే ఎదురిల్లూ పక్కిల్లూ అన్నీ పడతాయి. నేనైతే వీలున్నచోట ప్రహరీ మూలలో ఒక పైపు నిలబెట్టి, కెమెరాని మన ఇంటివైపే తిప్పుతాను. పక్కిల్లు కెమెరా వీపు వెనక ఉండిపోతుంది. గోడ మీదుగా వచ్చి పడే చెత్తా, బండి దగ్గరికి వచ్చే మనిషీ మాత్రం తప్పించుకోలేరు. ఎత్తు ఎనిమిది తొమ్మిది అడుగులు చాలు. పన్నెండు దాటితే నడినెత్తి కనబడుతుంది గానీ ముఖం దొరకదు. ఎంత తిప్పినా పక్కింటి ముక్క కొంచెం పడుతుంటే సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ ఉంటుంది, ఆ భాగాన్ని నల్లగా మూసేయండి. మైకు ఉన్న కెమెరా అయితే మైకు ఆపేయండి. పక్కవాళ్ల మాటలు మనకెందుకు?

రాత్రి చిత్రం తెల్లగా వెలిసిపోతుంటే కెమెరాని తప్పుపట్టకండి. దాని లైటు దగ్గరున్న సన్‌షేడ్‌కో సాలెగూడుకో తగిలి తిరిగొస్తోంది. మా ఊళ్లో ఇంకో బాధ, ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పుపట్టి బొమ్మ ఊగుతుంది. అతుకులన్నీ ప్లాస్టిక్ బాక్సులోపెట్టి మూయించుకోండి.

బిగించాక, మనసొప్పినా ఒప్పకపోయినా, పక్కింటివాళ్లకి చెప్పండి. ఫోన్‌లో ఆ బొమ్మ చూపించి "మీ ఇల్లు ఇందులో పడట్లేదు, చూసుకోండి" అనండి. గేటుకి 'సీసీ కెమెరాలున్నాయి' అని బోర్డు కట్టండి. కొన్ని ఇళ్లలో చెత్త ఆ మర్నాటి నుంచే ఆగిపోయింది. దాచిపెట్టి పట్టుకోవాలనే పంతం కంటే ఇదే మేలని నా నమ్మకం.

ఆగకపోతే రికార్డింగే మీకు దిక్కు. జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. 2 మెగాపిక్సెల్ కెమెరాని 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్ల రికార్డింగు) దగ్గర పెడితే రోజుకి 21 జీబీ పైనే తింటుంది. నాలుగు కెమెరాలుంటే 1 టీబీ హార్డ్ డిస్క్ 11 రోజుల్లో నిండి, పాతది చెరిపేసి మళ్లీ మొదలుపెడుతుంది. పండక్కి ఊరెళ్లొచ్చి, రెండు వారాల తర్వాత చూద్దామంటే ఏమీ ఉండదు. జరిగిన రోజే డీవీఆర్‌కి, అంటే కెమెరాల రికార్డింగు దాచే పెట్టెకి, పెన్‌డ్రైవ్ పెట్టి బ్యాకప్ తీయండి. ఘటనకి ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు కూడా కలిపి తీయాలి. ముక్క మాత్రమే ఇస్తే కత్తిరించారంటారు. టీవీ తెరని ఫోన్‌తో తీసిందీ, వాట్సాప్‌లో పంపి నాణ్యత తగ్గిందీ కోర్టులో ప్రశ్నలకి నిలబడవు.

డీవీఆర్ గడియారం ఇప్పుడే చూడండి. కరెంటు పోయివస్తే కొన్నింటిలో టైము తప్పుతుంది. ఇంటర్నెట్ నుంచి టైము తీసుకునే సెట్టింగు ఆన్‌చేసి, టైమ్ జోన్ +5:30 పెట్టండి. ఘటన రాత్రి పదింటికైతే వీడియోలో సాయంత్రం నాలుగున్నర అని పడితే అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. పక్కనే ఒక నోటు పుస్తకం పెట్టుకుని తేదీ, టైము, ఏం జరిగిందో రాస్తూ ఉండండి.

కేసు కోర్టుదాకా వెళ్తే వీడియోతోపాటు దాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో అది 63వ సెక్షన్. పాతచట్టంలో 65బీ అనేవారు. ఫారంలో ఒక భాగం పరికరం చూసుకునే మీరు, రెండోది నిపుణుడు సంతకం పెట్టాలి. ఫైలు హ్యాష్ విలువ కూడా అందులో రాస్తారు. అది ఫైలు వేలిముద్ర లాంటిది, ఒక్క ఫ్రేమ్ మార్చినా మారిపోతుంది. అందుకే ఒరిజినల్ పెన్‌డ్రైవ్ దాచి, నకళ్లతోనే తిరగండి.

కాలనీ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆ వీడియో పెట్టొద్దు. పరువునష్టం కేసు మీ మెడకి చుట్టుకుంటుంది. బెదిరింపులుంటే 112కి ఫోన్ చేయండి. మిగతావాటికి రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి. లాయరు ఖర్చు భరించలేకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100 ఉంది, లోక్ అదాలత్‌లో రాజీకీ వాళ్లే దారి చెప్తారు. అంతదాకా ఆ హార్డ్ డిస్క్‌ని ఫార్మాట్ చేయకండి. కొత్త డీవీఆర్ కొన్నా పాతదాన్ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయకండి.