బ్రిటిష్ పోలీసు నవలల్లో పేర్లు కలిసిపోకుండా

బ్రిటిష్ పోలీసు దర్యాప్తు నవల తీస్తే నాకు వందో పేజీ దగ్గర ఒకటే టెన్షన్: ఈ డీఎస్ (డిటెక్టివ్ సార్జెంట్) ఎవరు, డీసీఐ (డిటెక్టివ్ చీఫ్ ఇన్‌స్పెక్టర్) ఎవరు? ప్రతిసారీ వెనక్కి తిప్పాల్సి వచ్చేది.

ఇప్పుడు ఒక ఏ4 కాగితాన్ని నిలువుగా మూడు మడతలు పెట్టి బుక్‌మార్క్‌గా వాడుతున్నాను. పైభాగంలో హోదాలు కింది నుంచి పైకి రాసుకుంటాను: కానిస్టేబుల్, సార్జెంట్, ఇన్‌స్పెక్టర్, చీఫ్ ఇన్‌స్పెక్టర్, సూపరింటెండెంట్, చీఫ్ సూపరింటెండెంట్. ముందు 'డిటెక్టివ్' అని ఉంటే నేర పరిశోధన విభాగం అని అర్థం, అంతేగానీ హోదా పెరగదు. అంటే డీఎస్ అక్కడ సార్జెంటే. మన ఎస్పీ లెక్కన సూపరింటెండెంట్‌ను జిల్లా మొత్తానికి అధికారి అనుకోకూడదు. నేను చాలాకాలం అలాగే చదివాను!

దాని కింద పోలీసుల పేర్లు, వెనకవైపు మిగతావాళ్లవి. పేరు, రెండు మూడు మాటల్లో గుర్తు, మొదట కనిపించిన పేజీ నంబరు, అంతే. 'పక్కింటి నర్సు, 34' చాలు. ప్రతి పేరు కింద ఒక లైను ఖాళీగా వదలండి. ఈ కథల్లో మారుపేర్లు, పెళ్లికి ముందు ఇంటిపేర్లు తర్వాత బయటపడుతుంటాయి. సాధారణంగా మొదటి 50 పేజీల్లోనే ముఖ్యమైనవాళ్లంతా వచ్చేస్తారు, ఆ తర్వాత రాసే పని పెద్దగా ఉండదు.

అమెరికన్ నవలలకు మాత్రం ఈ హోదాల పట్టిక పనికిరాదు. న్యూయార్క్ పోలీసుల్లో సార్జెంట్ పైన లెఫ్టినెంట్, ఆ పైన కెప్టెన్ ఉంటారు. వాటికి వేరే కాగితం పెట్టుకోండి.