గన్నేరంటే ఏ గన్నేరు? మొక్కల లాటిన్ పేర్లు వంటబట్టించుకునే దారి

గన్నేరు పేరుతో మన తోటల్లో కనీసం నాలుగు మొక్కలున్నాయి. ఉత్త గన్నేరు నీరియం ఒలియాండర్, పచ్చగన్నేరు కాస్కబెలా థెవీషియా, బిళ్ళగన్నేరు కాథరాంథస్ రోసియస్, దేవగన్నేరు ప్లుమేరియా. నాలుగూ అపోసైనేసీ కుటుంబమే, ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు, ఇంగ్లీషులో జీనస్) మాత్రం వేరు. బిళ్ళగన్నేరు కుండీలో సర్దుకుంటుంది, దేవగన్నేరు చెట్టవుతుంది. ఏ మొక్కలో ఎంత విషముందో వెతకాలన్నా తెలుగు పేరొక్కటే చాలదు.

అలాగని జాబితా పెట్టుకుని బట్టీ పట్టకండి, వారంలో విసుగొస్తుంది. ఇంట్లో ఉన్న మొక్కలతోనే మొదలుపెట్టండి. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ స్థిరపరిచిన పద్ధతిలో ప్రతి పేరుకీ రెండు మాటలుంటాయి. మొదటిది ప్రజాతి, పెద్ద అక్షరంతో మొదలవుతుంది. రెండోది జాతిని చెప్పే మాట, అన్నీ చిన్న అక్షరాలే. నేనైతే రెండో మాటే ముందు పట్టుకోమంటాను, ఎందుకంటే అది చాలా మొక్కల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది. గ్రాండిఫ్లోరా అంటే పెద్ద పూలది, సటైవా అంటే సాగు చేసేది, అఫిసినాలిస్ అంటే మందుగా వాడినది. ఆల్బా అంటే తెల్లనిది. లాటిన్ వ్యాకరణంలో ప్రజాతి పేరుకున్న లింగాన్ని బట్టి అదే ఆల్బస్, ఆల్బమ్ కూడా అవుతుంది, శ్రీగంధం శాంటలమ్ ఆల్బమ్ అయినట్టు.

లాటిన్ పేర్లలో కనిపించే ఊళ్ళ, దేశాల పేర్లను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. చింత పేరు టామరిండస్ ఇండికా, కానీ దాని పుట్టిల్లు ఆఫ్రికా.

ఉచ్చారణ గురించి టెన్షన్ అక్కర్లేదు, దేశానికో రకంగా పలుకుతారు. స్పెల్లింగ్ సరిగ్గా ఉంటే చాలు. రెండు మాటల మధ్య గుణకారం గుర్తు (×) ఉంటే అది సంకరం, అంటే హైబ్రిడ్. చివర ఒంటి కోట్స్‌లో ఉన్నది మనుషులు ఎంచి పెంచిన రకం పేరు.

పేర్లు మారుతుంటాయి, అదొక్కటే నాకు చిరాకు. స్నేక్ ప్లాంట్ సాన్సెవీరియాగా ఉండేది, ఇప్పుడు డ్రసీనా ట్రైఫేషియాటా. రోజ్‌మేరీ కూడా సాల్వియాలో కలిసింది. లండన్‌లోని క్యూ ఉద్యానం నడిపే 'ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్' వెబ్‌సైట్‌లో పాత పేరు కొడితే కొత్తది చూపిస్తుంది.

కుండీలో గుచ్చే లేబుల్ మీద పెన్సిల్‌తో రాయండి, మార్కర్ ఎండకి వెలిసిపోతుంది. జాతి తేలకపోతే ప్రజాతి పేరు రాసి, పక్కన 'ఎస్పీ.' (sp., జాతి అనే అర్థమున్న 'స్పీషీస్'కి పొట్టి రూపం) అని పెట్టి వదిలేయండి. పూశాక పోల్చుకుని పూర్తి చేయొచ్చు.