బెదిరించారని అర్జీ రాసేటప్పుడు

తిరుపతి కలెక్టరేట్ దగ్గర సోమవారాలు అర్జీలు రాసిపెడుతుంటాను. ఎక్కువగా పింఛన్లు, పట్టాలే. పోయిన వేసవిలో ఒక తమ్ముడు వచ్చాడు. స్వర్ణముఖిలో రాత్రిళ్లు ఇసుక తోడేస్తున్నారని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాడట. వారం తిరక్కుండా ఇంటి ముందు బండి ఆగింది. "నీకు పిల్లలున్నారు గదరా" అని, అంతే, వెళ్లిపోయారు.

నాలుగు కాగితాలు నింపుకొచ్చాడు. మూడున్నరలో వాళ్లెంత దుర్మార్గులో ఉంది. ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది ఎక్కడా లేదు.

"నువ్వు మానవ హక్కుల పరిరక్షకుడివి, పైన అదే రాస్తాను" అంటే, "అంత పెద్ద మాట నాకెందుకన్నా" అన్నాడు. దానికి కార్డూ సంఘమూ అక్కర్లేదు. 1998 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి చేసిన ప్రకటన ప్రకారం, శాంతియుతంగా నలుగురి హక్కు కోసం నిలబడేవాళ్లంతా ఆ లెక్కలోకే వస్తారు. వాళ్లను కాపాడాల్సింది ప్రభుత్వమే అని కూడా అందులో ఉంది. యూరోపియన్ యూనియన్ 2004లో పెట్టుకున్న మార్గదర్శకాల ప్రకారం వాళ్ల రాయబారులు ఇలాంటివాళ్ల కేసుల వాయిదాలకు వెళ్లి కూర్చుంటారు. స్వర్ణముఖి ఒడ్డుకు ఏ రాయబారీ రాడనుకోండి. మనకు ఢిల్లీలో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఉంది, ఈ ఫిర్యాదులు చూడ్డానికే అక్కడ ఒక అధికారి ఉంటారు.

కానీ ముందు పోలీస్ స్టేషన్‌కే వెళ్లాలి. తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ఆ దారి ఇచ్చింది. పోస్టాఫీసు రసీదు బంగారం అనుకోండి.

చాలామంది దెబ్బతినేది కమిషన్‌కు రాసేటప్పుడే. ఇసుక కాంట్రాక్టర్ మనిషి బెదిరించాడని మాత్రమే రాస్తే పక్కన పెట్టేస్తారు. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం కమిషన్ చూసేది ప్రభుత్వ ఉద్యోగి చేసిన తప్పు, లేదంటే ఆపాల్సినవాడు ఆపకపోవడం. అందుకని ఆ తమ్ముడికి ఇలా రాశాను: "ఫలానా తేదీ సాయంత్రం 6 గంటలకు స్టేషన్‌కు వెళ్లాను. ఫిర్యాదు తీసుకోలేదు. ఫలానా తేదీన ఎస్పీ గారికి పోస్టు చేశాను. ఆ తర్వాత బండి మళ్లీ వచ్చింది." నాలుగు కాగితాలు అరకాగితానికి దిగాయి.

తెలుగులో రాయొచ్చు, ఫీజు లేదు. పేరు, అడ్రస్ లేకుండా పంపితే బుట్టలోకే. జరిగిన ఏడాది లోపే పంపాలి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కూ ఢిల్లీకీ ఒకేసారి పంపకండి, రెండు పడవల మీద కాళ్లు అవుతుంది. లాయర్ కావాలంటే 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం.

చివర్లో "ఇక ఏడుకొండలవాడే చూసుకోవాలి" అని రాయమన్నాడు. ఆ లైను కొట్టేసి, "మా వీధికి రాత్రి బీటు వేయించాలి" అని రాశాను.